ఇంటెనక గుంటెడు జాగా: ఏ మొక్క పెడదాం?

(బీర్కూర్‌లో రైతుల సమావేశంలో చేసిన ప్రసంగం)

వడ్ల ధర గురించి, తరుగు గురించి పొద్దటి నుంచి మాట్లాడుకున్నాం. ఇప్పుడు పెరటి మొక్కల గురించి చెప్పమంటే వెనకాల కొందరు నవ్వారు. నవ్వండి, కానీ నేను ఒకటి అడుగుతా. ఇంటి మీద కాయే నిమ్మకాయ ఈ సభలో ఎంతమందికి ఉంది? చేతులెత్తండి. చూశారా!

మన దగ్గర నిజాంసాగర్ కాలువ కింద ఒకప్పుడు చెరకు ఉండేది. 2015లో బోధన్ ఫ్యాక్టరీ మూతపడ్డాక అదీ పోయి, రెండు కార్లూ వరే అయింది. వడ్లు పండించే ఇల్లు జామకాయ, కరివేపాకు, పండగ పూలు అన్నీ అంగట్ల కొంటున్నది. గుంట జాగా ఉంటే ఇందులో సగం కొనకుండా బతకొచ్చు. పిల్లలకు, బాలింతలకు ఆ పండే మందు.

ముందు జాగా చూడండి, తర్వాత మొక్క. మూరెడు లోతు గుంత తవ్వి నిండా నీళ్లు పోయండి. తెల్లారినా నీళ్లు నిలిచే ఉంటే అక్కడ బొప్పాయి పెట్టొద్దు. మొదలు కుళ్లి రెండు ముసుర్లకే పడిపోతుంది. నల్లరేగడి ఇళ్లవాళ్లు గుంతలో కాదు, మన్ను ఎత్తుగా పోసి దిబ్బ మీద నాటండి. ఇంకో సంగతి. మీ గోడకు ఆనుకొని వరి మడి ఉంటే, అందులో వెడల్పాకు గడ్డికి 2,4-డి కొడతారు. గాలి ఇటు తిరిగితే బొప్పాయి, టమాట ఆకులు ముడుచుకుపోతాయి. పక్క పొలమాయనతో ముందే మాట్లాడుకోండి, తగాదా అయినాక కాదు.

నిమ్మతో మొదలుపెట్టండి. కోతులు నిమ్మకాయ జోలికి రావు. మన కామారెడ్డి జిల్లాలో ఇది చిన్న మాట కాదు. నిమ్మకు అంటే కావాలని పట్టుబట్టే పనిలేదు. గింజ నుంచి వచ్చిన మొక్క చాలావరకు తల్లి చెట్టులాగే కాస్తుంది, మోటుగా ఎక్కువ కాలం బతుకుతుంది. కాపుకు మాత్రం నాలుగైదేండ్లు ఆగాలె. మామిడి అట్ల కాదు. బంగినపల్లి టెంక పాతితే బంగినపల్లి వస్తుందన్న ఆశ వద్దు, అంటుమొక్కే కొనాలె. అంటు కట్టిన చోటు మన్నుకు జానెడు పైన ఉండాలె. ఆ కట్టుకు కింద మొలిచే చిగురు కనిపించగానే గిల్లేయండి. సపోటకూ ఇదే లెక్క. సపోటను పాల మొక్క మీద అంటు కడతారు. కింద చిగురు వదిలేస్తే కొన్నేళ్లకు మిగిలేది పాల చెట్టే, సపోట కాదు.

జామ అయితే అలహాబాద్ సఫేదా గాని, లక్నో-49 గాని అడగండి. సీతాఫలంలో బాలానగర్ రకం మన పాలమూరుదే, దానికి మించింది కోరనక్కర్లేదు. ఉసిరి ఒక్కటే పెట్టి కాయలేదని తిట్టేవాళ్లున్నారు. దాని పువ్వుకు అదే చెట్టు పుప్పొడి పనికిరాదు. రెండు వేర్వేరు రకాలు ఉండాలె, లేదా పక్కింట్లో ఇంకో రకం ఉండాలె. వాడకట్టంతా కలిసి పంచుకుంటే ఇంటికొకటి చాలు. నాటు బొప్పాయి గుంతకు మూడు మొక్కలు పెట్టి, పూతకు వచ్చాక మగవి తీసేయాలె. తోటకు ఒక మగ చెట్టు చాలు. రెడ్ లేడీకి ఆ బాధ లేదు గాని, దాని గింజలు దాచి మళ్లీ వేస్తే అదే పంట రాదు.

ఇక గడ్డలు. ఫోనులో ఫొటో చూసి తులిప్ గడ్డలు తెప్పించుకుంటున్నారట. దానికి నెలల తరబడి చలి కావాలె. మన మే నెల ఎండకు అది ఉల్లిగడ్డ కంటే కనాకష్టం, ఉల్లిగడ్డయితే కూరకన్నా వస్తుంది! మనకు లిల్లీ ఉంది, నేలసంపెంగ. వాసన కావాలంటే, దండ గుచ్చాలంటే ఒంటి రెక్కది. రేకులు ముద్దగా ఉండేది గుత్తులకు అందంగా ఉంటుంది గాని వాసన తక్కువ. గడ్డ ఉసిరికాయంత ఉంటే నాటిన మూడు నాలుగు నెలలకే పూస్తుంది, పిల్లగడ్డలు పక్కింటికీ పంచొచ్చు. పసుపు, అల్లం, కంద, చేమ కూడా గడ్డలే. మామిడి కింద నీడలో పసుపు పెట్టండి. అంకాపూర్, ఆర్మూర్ దిక్కు దాన్ని నమ్ముకొని బతికినోళ్లు ఉన్నారు, మన పెరట్లో నాలుగు చాళ్లు రావా?

అందానికి పెట్టే మొక్కల్లో జాగ్రత్త. గన్నేరు, పచ్చగన్నేరు ఆకు నుంచి గింజ దాకా విషమే. గొడ్లు కట్టేసే చోట, చిన్న పిల్లలు ఆడే చోట వద్దు. కోనోకార్పస్‌ను త్వరగా పెరుగుతుందని ఊరూరా పెట్టారు. గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటడమే నిషేధించింది. బంతి, చామంతి, మందారం ఉండగా అది మనకెందుకు? గునుగు కోసం మా ఆడబిడ్డలు బతుకమ్మ నాడు ఊరు దాటి పోతున్నారు. గడ్డిమందు దెబ్బకు గట్ల మీద లేకుండాపోయింది. పెరట్లో ఒక మూల పిడికెడు గింజలు చల్లితే చాలు, తనే మొలుస్తుంది. అది కలుపు అనుకునేది మనమే.

ఇప్పుడు అసలు సంగతి. ఆటో ట్రాలీలో మొక్కలు తెచ్చి, రంగు బొమ్మ కట్టి అమ్మి పోతారు. నాలుగేండ్లు నీళ్లు పోశాక గాని అది ఏ రకమో తెలియదు. అప్పుడు అమ్మినోడు ఏడుంటడు? 1966 విత్తన చట్టంలో విత్తనమంటే గింజ ఒక్కటే కాదు. ఆహార పంటల నారు, గడ్డలు, కొమ్మలు, అన్ని రకాల అంట్లూ విత్తనమే అని రాసి ఉంది. పూల మొక్కలు అందులోకి రావు. ఉమ్మడి రాష్ట్రంలో 2010లో నర్సరీల రిజిస్ట్రేషన్ చట్టమూ వచ్చింది. కాబట్టి అంటు కొంటే బిల్లు అడగండి. రకం పేరు, తేదీ, రిజిస్ట్రేషన్ నంబరు రాయించుకోండి. ఇవ్వనంటే కొనకండి. నాలుగిళ్లవాళ్లు కలిసి పోతే బిల్లు దానంతటదే వస్తుంది.

2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం ప్రతి ఊళ్లో నర్సరీ ఉండాలె. నాటిన మొక్కల్లో నూటికి 85 బతకాలె. బతికించే బాధ్యత మన మీద పెట్టినప్పుడు, ఏ మొక్క కావాలో చెప్పే హక్కూ మనదే. వానాకాలంలో పోతే ఉన్న టేకే చేతిలో పెడతారు. సంచులు నింపక ముందే, గ్రామసభలో నిమ్మ, జామ, కరివేపాకు, మునగ, ఉసిరి అని జాబితా రాయించాలె. ఆ జాబితా ఆడవాళ్లు చెప్పాలె. నీళ్లు పోసేది వాళ్లే, వండేది వాళ్లే.

బయట బల్ల మీద ఊరికొక కాగితం పెట్టాం. మీ ఇంటికి ఏం కావాలో, జాగా ఎంతో, నీళ్లు నిలుస్తాయో లేదో రాసి పోండి. రాయరానోళ్లకు మా పిల్లలు రాసిపెడతారు. ఒంటి రెక్క లిల్లీ గడ్డలు ఒక గోనెసంచి తెచ్చాను, ఇంటికి అయిదు తీసుకోండి, పైసలు వద్దు. వచ్చే ఏడు పిల్లగడ్డలు పది వాపస్ ఇస్తే ఇంకో ఊరికి పోతాయి.