బొమ్మ ఎవరికి కొంటున్నాం?



పుట్టినరోజు వస్తోందంటే చాలు, మూడేళ్ళ బుజ్జిగాడు కూడా ఈ రోజుల్లో "కారు రోబో కొనవూ" అని కొంగు పట్టుకుంటున్నాడు. చూడ్డానికి మామూలు కారే. అక్కడా ఇక్కడా తిప్పితే కాళ్ళూ చేతులూ బయటికొచ్చి మనిషిలా నిలబడుతుంది. పిల్లలకు అదొక వింత. వాడు అంటున్నానని ఆడపిల్లల్ని మరచాననుకోకండి, వాళ్ళకీ ఈ సరదా తక్కువేమీ కాదు.

కొనివ్వడానికి అభ్యంతరం లేదు. కాని ఏది కొనాలో తెలియాలి. వందలు పోసి తెచ్చిన బొమ్మ మర్నాటికల్లా కాలొకచోట, చెయ్యొకచోట పడివుంటే పిల్లవాణ్ణి కసరకండి. అది వాడి వయస్సుకు మించిన బొమ్మ అయివుంటుంది.

ఈ బొమ్మల పుట్టిల్లు జపాన్. అక్కడ టకారా అనే కంపెనీ 1982లో డయాక్లోన్ పేరుతో వీటిని తెచ్చింది. అమెరికాలోని హాస్‌బ్రో కంపెనీ వాటినీ, టకారావారివే మరికొన్నింటినీ కలిపి 1984 నుంచి ట్రాన్స్‌ఫార్మర్స్ అనే పేరుతో అమ్మింది. అవి బడికి వెళ్ళే పిల్లల బొమ్మలు. కీళ్ళు ఎక్కువ, వరస తప్పితే బిగుసుకుపోతాయి. పసివాళ్ళ కోసం అదే కంపెనీ తర్వాత రెస్క్యూ బాట్స్ అని వేరే రకం తెచ్చింది. ఫైరింజన్, పోలీసు కారు, హెలికాప్టర్, బుల్డోజర్ – అన్నీ పిల్లలు ఎరిగిన బళ్ళే. లావుపాటి భాగాలు, కొద్దిపాటి కదలికలు. మీరు ఏ కంపెనీది కొన్నా సరే, పసివాడికి ఈ తరహావే మంచివి.

మూడేళ్ళవాడు పిడికిలితో లాగగలడు, అరచేత్తో నొక్కగలడు. ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో చిన్న మడతను తిప్పడం మెల్లమెల్లగా అలవడే పని. నేను చెప్పే ఇంటి కొలత ఒకటుంది. వాడు తన చొక్కా గుండీలు తనే పెట్టుకుంటున్నాడా? ఇంకా లేదంటే రెండు మూడు కదలికలతో మారే బొమ్మ చాలు. పెట్టుకుంటున్నాడంటే ఐదారు కదలికలదాకా వెళ్ళవచ్చు. చాలా పెట్టెలమీద ఎన్ని స్టెప్స్‌లో మారుతుందో, ఏ వయస్సువారికో అచ్చువేసి వుంటుంది. బొమ్మ రంగులు చూసే ముందు ఆ అంకెలు చూడండి.

కొట్టువాణ్ణి అడిగి ఒకటి విప్పించండి. మీ బొటనవేలు నొప్పిపుట్టేలా నొక్కితేగాని కదలని కీలు వాడి వేలికి ఏం కదులుతుంది? మీట నొక్కగానే టక్కున లేచి నిలబడేవి కొన్ని వుంటాయి. చూడ ముచ్చటే. కాని వాటిని మళ్ళీ కారుగా మడవడం ఎలా వుందో కూడా చూడండి. విప్పడం వాడికీ, మడవడం మీకూ అయితే రోజుకు నలభైసార్లు వంటింట్లోకి వస్తాడు. స్ప్రింగు వున్నచోట వేళ్ళు నలుగుతాయేమో కూడా చూసుకోవాలి. విడిగా ఊడివచ్చే కత్తులూ తుపాకులూ లేనివే మేలు.

ఇక భద్రత సంగతి. మన దేశంలో 2021 జనవరి 1 నుంచి పిల్లల ఆటవస్తువులకు ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి. అది లేనిది చవకగా వచ్చినా వద్దు. మూడేళ్ళు దాటినవారికి అని రాసివున్న బొమ్మలో చిన్న భాగాలు వుండవచ్చు. ఇంట్లో పాకే చంటిపిల్ల వుంటే అవి తిన్నగా నోట్లోకే వెళతాయి. గొంతుకు అడ్డుపడే భాగాలను పరీక్షించే గొట్టం వెడల్పు 31.7 మిల్లీమీటర్లు. మన పది రూపాయల బిళ్ళ 27 మిల్లీమీటర్లు. ఆ బిళ్ళకంటె కాస్త పెద్దదైనా సరే ప్రమాదమే అన్నమాట. బ్యాటరీ వున్న బొమ్మయితే దాని మూత మరతో బిగించి వుండాలి. గుండీలా వుండే చిన్న బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు. మింగాడన్న అనుమానం వస్తే చాలు, క్షణం ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకుపోవాలి.

బొమ్మ ఇంటికి వచ్చాక అసలు పని వుంది. వాడు తంటాలు పడుతుంటే నాన్నగారో, మామయ్యో "ఇలా తే, నేను చేస్తా" అని లాక్కుంటారు. చకచకా మార్చి ఇస్తారు. నాలుగుసార్లు అలా జరిగితే "ఇది నాకు రాదు" అని వాడే మనకు చెబుతాడు. రేపు పలకమీద అక్షరం దిద్దేటప్పుడూ ఆ మాటే అంటాడు.

అందుకని ఇలా చేసి చూడండి. "తల పైకీ, చేతులు పక్కకీ, కాళ్ళు కిందికీ" అంటూ నెమ్మదిగా ఒకసారి చూపండి. తర్వాత అన్నీ మీరే తిప్పి, చివరి మడత ఒక్కటి వాడికి వదలండి. అది వచ్చాక చివరి రెండూ, ఆ తర్వాత మూడూ. ఇలా వెనకనుంచి ముందుకు నేర్పితే ప్రతిసారీ బొమ్మను పూర్తిచేసేది వాడే అవుతాడు. నిదానమే ప్రధానం. మీరు చెయ్యి చాచకుండా ఓ రెండు నిమిషాలు ఓపిక పట్టండి చాలు.

కాబట్టి ఈసారి కొట్లో నిలబడినప్పుడు, దీన్ని మార్చేది ఎవరు అని ఒక్కసారి అడుక్కోండి. వాడే అయితే కొనండి. మనమే అయితే ఆ పెట్టె అక్కడే వుంచి, ఇంకో రెండేళ్ళు ఆగండి.