కావాలనే చేశాడా?



బోధికొండ మీది గుడిలో 2020 డిసెంబరులో కోదండరాముడి విగ్రహం శిరస్సును ఖండించారు. అది దగ్గరి కొలనులో దొరికింది. పొరపాటున జరిగే పని కాదది. అయితే ఎవరు, ఎందుకు అన్నది దర్యాప్తులో తేలకముందే ఎవరికి వాళ్లు తమకు నచ్చనివాళ్ల పేరు చెప్పేశారు. నష్టం ఎంత ఘోరమైతే అంత పెద్ద కుట్ర ఉండాలని మనసు పట్టుబడుతుంది.

ఇలాంటి తీర్పుల మీదే అమెరికన్ తత్వవేత్త జాషువా నోబ్ 2003లో ప్రచురించిన పరిశోధన ఒకటుంది. ఆయన న్యూయార్క్ పార్కులో జనానికి ఒక కథ చెప్పాడు. కొత్త పథకంతో లాభాలొస్తాయి, పర్యావరణం మాత్రం పాడవుతుంది అని కంపెనీ ఛైర్మన్‌కు చెప్పారు. ‘‘అది నాకు పట్టదు, లాభం కావాలి, మొదలుపెట్టండి’’ అన్నాడాయన. అనుకున్నట్టే పాడైంది. కావాలనే పాడుచేశాడా? 82 శాతం మంది అవునన్నారు. పాడవడానికి బదులు బాగుపడుతుందని మార్చి వేరేవాళ్లకు చెబితే, కావాలనే బాగుచేశాడన్నది 23 శాతమే. ఛైర్మన్ అన్న మాట రెండుసార్లూ ఒక్కటే!

ఇది సామాన్యుల ఆలోచనలో లోపమని కొందరు పండితులన్నారు. నేను ఒప్పుకోను. తెలిసీ పట్టించుకోనివాణ్ణి జనం క్షమించడం లేదు, అంతే.

చట్టమూ ఈ తేడాను చూస్తుంది. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురం మీదికి ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ స్టైరీన్ ఆవిరి వచ్చిపడింది. పన్నెండు మంది పోయారు. చంపాలని ఎవరూ అనుకోలేదు. అయినా పోలీసులు పెట్టిన సెక్షన్లలో అప్పటి ఐపీసీ 304 రెండో భాగం ఉంది. ప్రాణం పోవచ్చని తెలిసీ చేసిన పనికి వర్తించేది అది. పదేళ్ల వరకు శిక్ష ఉండేది. భోపాల్ గ్యాస్ కేసులో ఆ అభియోగాన్నే 1996లో సుప్రీంకోర్టు నిర్లక్ష్యం కిందికి, 304-ఎ కిందికి దించింది. దానికి అప్పట్లో శిక్ష రెండేళ్లు మించేది కాదు. అంత తేడా, వాళ్లకు ముందే తెలుసా అన్న ప్రశ్న దగ్గరే వచ్చింది.

కాబట్టి ఎవరినైనా తప్పుపట్టేముందు ఆ వేళకు అతనికి ఏం తెలుసో అడగండి. ఇవాళ పట్టాలు అందుకున్న మీలో కొందరు ఫ్యాక్టరీల్లో, ఆసుపత్రుల్లో అధికారులవుతారు. కింది ఉద్యోగి హెచ్చరిక కాగితం తెస్తే సొరుగులో పడేయకండి. చదివానని సంతకం పెట్టి, ఏం చేయబోతున్నారో, ఎప్పటిలోగా చేస్తారో దానిమీదే రాసివ్వండి.