తిరగబెట్టిన ల్యుకేమియా: ముందు అడగాల్సిన ప్రశ్న

తగ్గిందనుకున్న ల్యుకేమియా, అంటే రక్త క్యాన్సర్, తిరగబెట్టిందని తెలియగానే ఇంటివాళ్లు ‘ఇంకా ఏ మందుంది?’ అని అడుగుతారు. అంతకంటే ముందు ‘ఇప్పుడున్న జబ్బు ఏ రకం?’ అని అడగాలి. తిరిగొచ్చిన క్యాన్సర్ కణాలు మొదటిసారి ఉన్నట్టే ఉండాలని లేదు. కొత్త జన్యుమార్పులు రావచ్చు, పాతవి పోవచ్చు. అందుకే ఎముక మూలుగ పరీక్ష, జన్యుపరీక్ష మళ్లీ చేయించాలి. ఎఫ్‌ఎల్‌టీ3 అనే జన్యువులో మార్పు కనిపించిన మైలాయిడ్ ల్యుకేమియాకు గిల్టెరిటినిబ్ మాత్రలున్నాయి. బి కణాల లింఫోబ్లాస్టిక్ రకానికి, ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ కృషితో రూపొందిన, రోగి సొంత రోగనిరోధక కణాలనే మార్చి క్యాన్సర్ మీదికి పంపే కార్-టి చికిత్సకు 2023లో మన దేశంలో అనుమతి వచ్చింది. మరో దారి మూలుగ మార్పిడి. దానికి ఒక్కో తోబుట్టువు పూర్తిగా సరిపోయే అవకాశం నాలుగింట ఒక వంతే అయినా, సగం సరిపోయే తల్లిదండ్రులు, పిల్లలు కూడా ఇప్పుడు దాతలు కావచ్చు.

వీటిలో ఏది సరైనదో రెండో డాక్టరును అడిగితే కాలం వృథా అని కొందరంటారు. ఉద్ధృతమైన ల్యుకేమియాలో ఆ భయం నిజమే. అందుకే వైద్యం ఆపకుండానే రిపోర్టులు పంపి సలహా తీసుకోవాలి. ఈ చికిత్సల ఖర్చు లక్షల్లో ఉంటుంది కాబట్టి కొత్త చికిత్సలను పరీక్షించే క్లినికల్ ట్రయల్స్ ఉన్నాయేమో కనుక్కోవాలి. ఇదంతా లేనిపోని ఆశ కాదా అంటారా? ఏ చికిత్సా అందరికీ పనిచేయదు. ఎంచుకునే చికిత్సవల్ల ఎంత మేలు, ఎంత బాధ అన్నది డాక్టరును రోగి ఎదుటే అడిగి, రోగి మాటకే పెద్దపీట వేయాలి. నొప్పి తగ్గించే పాలియేటివ్ వైద్యం చివరి మెట్టు కాదు. మొదటి రోజు నుంచే తోడుండాలి.