మళ్లీ గెలవాలంటే



విశ్వవిద్యాలయ విద్యార్థులకు జరిగే ప్రపంచ ప్రోగ్రామింగ్ పోటీ ఐసీపీసీ. జట్టుకు ముగ్గురు, ఒకే కంప్యూటర్, 5 గంటలు. రష్యాలోని ఐటీఎంఓ విశ్వవిద్యాలయం 2004 నుంచి 2017 వరకు 7 సార్లు గెలిచింది. 2015లో మొరాకోలోని మరాకేష్‌లో 13 ప్రశ్నలకు 13 సాధించింది. ఒక విద్యార్థి ఫైనల్స్‌లో రెండుసార్లకు మించి పాల్గొనకూడదు. అంటే గెలిచినవారు వెళ్లిపోతున్నా, వెనక వచ్చేవారిని తయారు చేసే ఏర్పాటు అక్కడ నిలిచి ఉంది.

మన ఉపకారవేతనాలకూ ఇదే వర్తిస్తుంది. ఒక బిడ్డకు ఫీజు కట్టి ఊరుకుంటే మేలు ఆ ఇంటితో ఆగిపోతుంది. చదువుకున్న బిడ్డ ఆదివారాల్లో తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నేర్పితే సాగుతుంది. ఆ తరగతికి ఒక గది, ఒక కంప్యూటర్ మీరు సమకూర్చండి. నడిపే బాధ్యత మేం తీసుకుంటాం.