అరుగు మీది పట్టభద్రుడు

(సొసైటీ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మాకు ఇచ్చిన విషయం "నేటి యువత - మన బాధ్యత". ఇటువంటి విషయం మీద మాలాంటి మాస్టర్లు ఏం చెబుతారో మీకందరికీ కంఠతా వచ్చు. పిల్లలు సెల్‌ఫోను పట్టుకుని చెడిపోతున్నారు, ఫజర్ నమాజుకు లేవరు, పెద్దల మాట వినరు అని అరగంట చెప్పి, చివర దువా చేసి దిగిపోతాము. ఈసారి అట్లా చేయదలచుకోలేదు. ఒక కుర్రవాడు మాతో అన్న మాటలు మీ ముందు పెట్టి, వాడు అడిగిన ఒక ప్రశ్నకు మీ దగ్గర జవాబు తీసుకుపోదామని వచ్చాము.

ఉర్దూ మాస్టరు తెలుగులో ప్రసంగించడమేమిటని కొందరికి అనిపించవచ్చు. ఈ మాటలు సావనీరులో అచ్చవుతాయని చెప్పారు. మన ఇళ్ళలో ఉర్దూ మాట్లాడే పిల్లలు బోలెడుమంది ఉన్నారు గాని, చదవగలిగిన వాళ్ళు ఏటికేడు తగ్గిపోతున్నారు. ఎవరు చదవాలని రాస్తామో వాళ్ళకు వచ్చిన లిపిలోనే రాయాలి గదా!

ఆ కుర్రవాడు ఆరు నుంచి పది దాకా మా దగ్గర చదివినవాడే. పేరు చెప్పము, చెబితే రేపు వీధిలో వాణ్ణి నిలదీస్తారు. తండ్రి టైలరు. కుర్రవాడు బి.కాం. పాసై నాలుగేళ్ళయింది. పగలు ఒక దుకాణంలో లెక్కలు రాస్తాడు. ఇషా నమాజు అయ్యాక మసీదు ఎదుట, మూసేసిన కొట్టు అరుగు మీద కూర్చుంటాడు. మేమూ ఒక్కోరోజు చాయ్ తెప్పించుకుని వాడి పక్కన కూర్చుంటాము. వాడు ఏవేవో మాట్లాడతాడు. మొదట్లో మేము ఊ కొట్టేవాళ్ళమే తప్ప వినేవాళ్ళం కాము. ఈ రంజాన్‌లో మాత్రం విన్నాము.

ముందు చదువు సంగతి చెప్పాడు. "సార్, పదో తరగతి దాకా నేను తెలివైనవాణ్ణే. ఇంటర్‌లో మొదటిరోజు పాఠం ఒక్క ముక్క అర్థం కాలేదు. పక్కవాడు నవ్వితే నేనూ నవ్వాను. షహరియత్‌లో నాకు మీరే మంచి మార్కులు వేశారు. సివిక్స్ అనేసరికి భయపడిపోయాను. రెండూ ఒకటేనని నాకు ఎవరూ చెప్పలేదు" అన్నాడు.

చెప్పవలసింది ఎవరు? మేమే. మఆషియాత్ అంటే ఎకనామిక్స్ అనీ, తిజారత్ అంటే కామర్స్ అనీ పదో తరగతి చివరి నెలలో ఓ పది రోజులు కూర్చోబెట్టి చెబితే పోయేది. మేము చెప్పలేదు. సిలబస్ పూర్తి చేశాము, మా పని అయిపోయిందనుకున్నాము.

ఉర్దూలో పెద్ద చదువులు సాగవని కాదు. 1918లో హైదరాబాదులో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో సైన్సు మొదలుకొని అన్నీ ఉర్దూలోనే బోధించారు. దానికోసం ముందుగానే దారుల్ తర్జుమా అని అనువాద శాఖ పెట్టి పుస్తకాలు తయారు చేయించారు. మన కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హఖ్ గారు 1947లో ఉస్మానియా కాలేజీ స్థాపించారు. 1998లో హైదరాబాదులో మౌలానా ఆజాద్ పేరిట జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం వచ్చింది. పెద్దలు భవనాలు కట్టారు. ఈ గట్టు నుంచి ఆ గట్టుకు పిల్లవాణ్ణి చెయ్యిపట్టి దాటించే చిన్నపని మాలాంటి వాళ్ళకు వదిలారు. అది మేము చేయలేదు. ముందు మా తప్పు ఒప్పుకుని తరువాత మిగతా మాట చెబుతున్నాము.

ఇక మార్పు గురించి వాడి మాట. "దేశం మారిందంటారు సార్. నిజమే. మా దాదా వేలిముద్ర వేశాడు, అబ్బా సంతకం పెడతాడు, నేను పట్టా పుచ్చుకున్నాను. అయినా ముగ్గురం ఒకే కుట్టుమిషను మీద బతికినవాళ్ళమే. ఒకప్పుడు రంజాన్ నెలంతా అబ్బాకు నిద్ర ఉండేది కాదు. ఇప్పుడు అందరూ రెడీమేడ్‌కు పోతున్నారు. పండగ ముందు రోజు కూడా ఆయన ఖాళీగా కూర్చుని నా పెళ్ళీడు చెల్లెల్ని చూస్తుంటాడు. నేను ఆయన్ని చూడలేక ఇక్కడికొచ్చి కూర్చుంటాను."

సోదరులారా, కుర్రాళ్ళు అరుగుల మీద ఎందుకు కూర్చుంటారని మనం కసురుకుంటాము. ఇంట్లో కూర్చోలేక అని ఒకడు చెప్పేదాకా మాకు తెలియలేదు.

తరువాత రాజకీయం. "ఎన్నికలు రాగానే టోపీ పెట్టుకుని ఇఫ్తారుకు వస్తారు. ఖర్జూరం నోట్లో పెట్టుకుని ఫోటో దిగుతారు. మనవాళ్ళు ఆ ఫోటోకు ఫ్రేము కట్టిస్తారు. రాజకీయాలు మనకొద్దురా అని అబ్బా అంటాడు. ఓటు ఎవరికెయ్యాలో మళ్ళీ ఆయనే చెబుతాడు. అందుకే నేను ఏ ఎన్నికనూ పట్టించుకోను సార్" అన్నాడు.

మాకు కోపం వచ్చింది. మాస్టరుకు కోపం వస్తే పాఠం మొదలుపెడతాడు. మేమూ మొదలుపెట్టాము. "బేటా, మొదట్లో మన దేశంలో ఓటుకు 21 ఏళ్ళు నిండాలి. 1988లో 61వ రాజ్యాంగ సవరణ చేసి, 1989 మార్చి నుంచి 18 ఏళ్ళకే ఇచ్చారు. అది నీకోసం చేసిందే. అదీగాక నువ్వు పట్టభద్రుడివి. నీకు ఇంకొక ఓటు ఉంది, తెలుసునా?" అని అడిగాము.

వాడు తెల్లబోయాడు. "అట్లాంటిది కూడా ఉందా సార్?"

ఇక్కడ కూర్చున్న డిగ్రీవాళ్ళలో ఎందరికి తెలుసునో మీరే చూసుకోండి. శాసన మండలిలో పట్టభద్రులు ఎన్నుకునే స్థానాలు, టీచర్లు ఎన్నుకునే స్థానాలు విడిగా ఉంటాయి. మన రాష్ట్రంలో మండలి 1958లో ఏర్పడి, 1985లో రద్దయి, 2007లో మళ్ళీ వచ్చింది. ఆంధ్రప్రదేశ్ మండలిలో 58 స్థానాలుంటే, అయిదు పట్టభద్రులవి, అయిదు టీచర్లవి. డిగ్రీ పాసై మూడేళ్ళు నిండినవాళ్ళు 18వ నంబరు ఫారం నింపి పేరు చేర్పించుకోవాలి. మామూలు ఓటరు జాబితాలో పేరు ఉంది కదా అని ఊరుకుంటే కుదరదు. ఈ జాబితాను ప్రతి ఎన్నికకూ కొత్తగా తయారు చేస్తారు. కిందటిసారి ఉన్నవాళ్ళు కూడా మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవలసిందే.

ఓటు వేయడంలోనూ తేడా ఉంది. గుర్తులు ఉండవు. మనకు నచ్చిన వరుసలో అభ్యర్థుల పేర్లకు ఎదురుగా 1, 2, 3 అని అంకెలు వేయాలి. 1 అంకె తప్పనిసరి. అక్కడిచ్చిన పెన్నుతోనే వేయాలి. పొరుగు రాష్ట్రంలో 2021లో హైదరాబాదు పట్టభద్రుల స్థానానికి 93 మంది పోటీ చేస్తే, 20 వేలకు పైగా ఓట్లు చెల్లకుండా పోయాయి. అవన్నీ డిగ్రీ చదివినవాళ్ళ ఓట్లే! అంకె వేయడం రాక కాదు, ఎట్లా వేయాలో ముందుగా చెప్పినవాడు లేక.

పాఠం మధ్యలో షోయబుల్లా ఖాన్ పేరు కూడా ఎత్తాము. ఉస్మానియాలో చదివిన పట్టభద్రుడు. కావాలంటే కొలువు చూసుకుని సుఖంగా బతకగలిగినవాడు. హైదరాబాదులో 'ఇమ్రోజ్' అనే ఉర్దూ పత్రిక నడిపి, సంస్థానం భారతదేశంలో కలవాలని తన పత్రికలో ధైర్యంగా రాశాడు. ఆ రాతలకే 1948 ఆగస్టులో రజాకార్లు ఆయన్ని నడివీధిలో చంపేశారు. అప్పటికి ముప్పై ఏళ్ళు నిండలేదు. మరుసటి నెలలోనే సంస్థానం కలిసిపోయింది. "చదువుకున్నవాడు అభిప్రాయం చెప్పడానికి అంత ఖరీదు కట్టాడు, నీకు ఫారం నింపడం బరువైందా?" అని కాస్త గట్టిగానే అన్నాము.

వాడు ఎదురు చెప్పలేదు. చాయ్ గ్లాసు కింద పెట్టి, "అయితే సార్, మీకు ఒకటి చెప్పాలి" అన్నాడు. వాళ్ళ వీధిలో ఒక ఆడపిల్లకు కాలేజీలో చేరడానికి బి.సి.-ఇ సర్టిఫికెట్టు కావలసి వచ్చింది. 2007 చట్టంతో వచ్చిన ఆ 4 శాతం రిజర్వేషను మీకందరికీ తెలిసినదే. తండ్రి లేని పిల్ల. కాగితం రాక అడ్మిషను గడువు దగ్గర పడింది. మనవాడు ఆ తల్లిని వెంటబెట్టుకుని మూడుసార్లు ఆఫీసుకు తిరిగాడు. నాలుగోసారి, 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద "మా దరఖాస్తు ఏ బల్ల మీద ఉన్నది, ఎన్ని రోజులుగా ఉన్నది" అని తెల్లకాగితం మీద రాసి ఇచ్చాడు. వారం తిరక్కుండా సర్టిఫికెట్టు చేతికి వచ్చింది. ఆ పిల్ల ఇప్పుడు రెండో సంవత్సరం చదువుతున్నది.

"ఈ సంగతి ఎవరికీ చెప్పలేదేమిరా?" అన్నాము.

"ఇందులో చెప్పేదేముంది సార్, టైంపాస్" అన్నాడు.

మాకు అప్పుడు నోట మాట రాలేదు. రాజకీయం తెలియదని మేము పాఠం చెప్పింది వీడికా! ఇఫ్తార్ ఫోటోలో నిలబడడం రాజకీయమని మనం నేర్పాము. ఆ తల్లి వెంట నాలుగుసార్లు తిరగడం రాజకీయమని ఎవరూ నేర్పలేదు. అందుకే వాడు దానికి పేరు లేక టైంపాస్ అంటున్నాడు.

సరిగ్గా అప్పుడే వాడు ఆ ప్రశ్న అడిగాడు. "సార్, ఓటు సంగతి మీరన్నట్టే చేస్తాను. మీ సొసైటీ కార్యవర్గంలో ముప్పై ఏళ్ళలోపు వాళ్ళు ఎంతమంది?"

మేము మనసులో లెక్క వేసుకున్నాము. ఒక్కరూ లేరు. అందరికంటే చిన్నవాళ్ళం మేమే, మాకు నలభై ఆరు. కార్యవర్గంలో ఇప్పటికీ మమ్మల్ని "కుర్రవాడు" అనే పిలుస్తారు!

"కుర్చీలు వేయడానికి పిలుస్తారు, బ్యానరు కట్టడానికి పిలుస్తారు, దావత్‌లో వడ్డించడానికి పిలుస్తారు. లెక్కలు చదివేటప్పుడు మాత్రం పిలవరు. నేను బి.కాం. సార్" అన్నాడు.

ఇందులో పెద్దల్ని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. మీరు చందాలు పోగు చేసి ఫీజులు కట్టారు, పెళ్ళిళ్ళు చేయించారు. ఆ పుణ్యం ఎక్కడికీ పోదు. అయితే మన దీన్‌లోనే ఒక ఉదాహరణ ఉంది. హజ్రత్ ఉసామా బిన్ జైద్ గారికి ఇరవై ఏళ్ళు నిండీ నిండని వయసులో ప్రవక్త, సల్లల్లాహు అలైహి వసల్లం, సేనానాయకత్వం ఇచ్చారు. పెద్ద పెద్ద సహాబాలు ఆయన కింద నడవవలసి వచ్చింది. ఇంత చిన్నవాడికా అని కొందరు గొణిగారు. అయినా ఆ నిర్ణయం మారలేదు. ప్రవక్త వారు పరమపదించాక కూడా హజ్రత్ అబూబకర్ గారు ఆ సేనను ఆయన నాయకత్వంలోనే పంపారు. ఈ కథ మనం పిల్లలకు చెబుతాము. పెద్దలు కూడా వినవలసిన కథ అది.

కాబట్టి ఈ సభకు మా మనవి మూడు ముక్కలు.

ఒకటి, కార్యవర్గంలో ముప్పై ఏళ్ళలోపు పట్టభద్రులకు రెండు స్థానాలు ఇవ్వండి. అందులో ఒకటి ఆడపిల్లకు. నిబంధనావళి మార్చవలసి వస్తే, మార్చే అధికారం ఉన్నది ఈ సర్వసభ్య సమావేశానికే.

రెండు, వచ్చే ఏడు జమాఖర్చులు సభలో చదివి వినిపించే పని వాళ్ళకు అప్పగించండి. తప్పు చదివితే దిద్దుదాము. తప్పు పట్టుకుంటే సంతోషిద్దాము.

మూడు, ఇది మా మీద వేసుకుంటున్న బాధ్యత. పదో తరగతి పరీక్షలు కాగానే, ప్రతి ఆదివారం అసర్ నమాజు తరువాత సొసైటీ గదిలో, ఉర్దూ మీడియం పిల్లలకు పై క్లాసుల మాటలు ఇంగ్లీషులోనూ తెలుగులోనూ మేము చెబుతాము. పక్క బల్ల మీద ఓటరు ఫారాలు, సర్టిఫికెట్ల దరఖాస్తులు నింపిపెట్టే పని ఆ కుర్రవాడు చేస్తానన్నాడు. గదికి ఒక ఫ్యాను, ఒక ట్యూబులైటు సొసైటీ వేయించాలి. అంతే ఖర్చు.

వాడు ఈ హాలులోనే ఉన్నాడు. ఇంతసేపూ వెనక ఆలస్యంగా వచ్చినవాళ్ళకు కుర్చీలు వేస్తున్నాడు. వాడి ప్రశ్నకు జవాబు వాడికి ఇవాళే చెబుతామని మాట ఇచ్చి వచ్చాము. జవాబు మా చేతిలో లేదు, మీ చేతిలో ఉంది. అధ్యక్షుల వారు మొదటి ముక్కను ఈ సభలోనే ఓటుకు పెట్టవలసిందిగా కోరుతూ సెలవు తీసుకుంటున్నాము.

అల్లాహ్ మన పిల్లలకు మంచి దారి చూపుగాక, ఆ దారికి అడ్డం నిలబడకుండా మనకు బుద్ధి ఇచ్చుగాక. ఆమీన్.

ఖుదా హాఫిజ్.