దీపం దగ్గరికొచ్చిన అక్షింతల పురుగు



పెరట్లో చిక్కుడు పందిరి ఉంటే, ఇంట్లోకి ఒక్కోసారి చిన్న పురుగు వస్తుంది. కందిపప్పు బద్దంత ఉంటుంది. ఎర్రటి గుండ్రటి వీపు, దాని మీద నల్ల మచ్చలు. అదే అక్షింతల పురుగు. రాత్రి దీపానికి వస్తుంది. కోసిన చిక్కుడుకాయలతోనూ వస్తుంది. చూడగానే చాలామంది చీపురు తీస్తారు.

చంపకండి. చిక్కుడు తీగను పీడించే పేనుబంక ఉంది కదా, అదే దీని తిండి. రోజుకు పదుల కొద్దీ తింటుంది. దీని పిల్ల కూడా అదే తింటుంది. పిల్ల మాత్రం తల్లిలా ఉండదు. నల్లగా, పొడుగ్గా, చిన్న మొసలిలా ఉంటుంది. పాపం, పంటను తినే పురుగనుకొని దాన్నే ముందు నలిపేస్తారు! ఆ తర్వాత మందు కొనడానికి డబ్బులు వెతుక్కుంటారు.

పురుగును వేళ్లతో నొక్కితే కాళ్ల కీళ్ల నుంచి పసుపు రసం కారుతుంది. వాసన వేస్తుంది. గోడకు మరక పడుతుంది. భయం లేదు, చెయ్యి కడుక్కుంటే చాలు. అసలు పట్టుకునే పనే లేదు. దాని ముందు కాగితం ముక్క పెట్టండి. అదే ఎక్కుతుంది. పైన గ్లాసు బోర్లించి తీసుకెళ్లి, పేనుబంక ఉన్న కొమ్మ మీద వదలండి. రాత్రయితే ముందు లైటు ఆర్పండి. లేకపోతే మళ్లీ దీపానికే వస్తుంది.

ఒక్క సంగతి. వంగ ఆకును గీకి తినే పురుగునూ కొన్నిచోట్ల ఇదే పేరుతో పిలుస్తారు. దాని వీపు నిగనిగలాడదు, సన్నటి నూగు ఉంటుంది. ఆకును జల్లెడ చేస్తుంది. దాన్ని మాత్రం ఏరి సబ్బునీళ్లలో వెయ్యాల్సిందే.