మనం ఏరిన పత్తి, మనం వడికిన నూలు
(మండల సమాఖ్య వార్షిక మహాజన సభలో ఒక సంఘ లీడరు ప్రసంగం)

అప్పులు, పొదుపులు, లింకేజీ లెక్కలు అకౌంటెంటు చదివేశారు. మా సంఘం పేరు దగ్గర ‘రాట్నాలు, మగ్గం’ అని ఒక ఖర్చు కనిపించింది కదా, దాని సంగతి చెప్పమన్నారు.

ఆళ్లగడ్డ, నంద్యాల చుట్టుపక్కల నల్లరేగడిలో పత్తి ఏరని ఆడది మా సంఘంలో లేదు. నంద్యాల పరిశోధనా స్థానం 1906 నుంచి ఉంది. నరసింహ పత్తి అక్కడ పుట్టిందే. దేశవాళీ రకాలకు శ్రీశైలం, మహానంది అని మన క్షేత్రాల పేర్లే పెట్టారు. ఇంత పత్తి మధ్య పుట్టి పెరిగాం గానీ, ఏరిన పత్తి గుడ్డ అయ్యేది మేమెవ్వరమూ కంటితో చూడలేదు. మా సంఘంలో ఒక అవ్వ మాత్రం చిన్నప్పుడు వాళ్లమ్మ వడుకుతుంటే చూసిందంట. ఆ మాట మీదే మొదలైంది ఇదంతా.

1921లో బెజవాడ కాంగ్రెసు సభ 20 లక్షల రాట్నాలు తిరగాలని తీర్మానించింది. మా తీర్మానం రెండు పెట్టె రాట్నాలకే, అయినా ఇద్దరు అక్కలు సంతకం పెట్టలేదు. ‘దీంతో ఏమొస్తాదమ్మా?’ అన్నారు. ఏమీ రాదు, సాయంత్రం అరగంట మన చేతులకు ఇష్టమైన పని అన్నాం. సంఘం డబ్బుతో ఇష్టమా అన్నారు. న్యాయమైన మాటే. తలా కొంత వేసుకొని ఆ సొమ్ము తిరిగి కడుతున్నాం, ఇంకా రెండు నెలలు ఉంది.

పని మాత్రం మమ్మల్ని ఏడిపించింది. కిలో పత్తిలో గింజ తీస్తే దూది మూడో వంతే మిగులుతుంది. దాన్ని ఏకి, ఏకులు చుట్టి, కదురు మీద లాగితే మొదటి వారం నూలు ఒకచోట తాడు, ఒకచోట సాలీడు దారం. ఏకు మేకవడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది మాకు! కుడిచెయ్యి చక్రం తిప్పుతుంటే ఎడమచెయ్యి దానికి తగ్గట్టు వెనక్కి జరగాల. పురి తక్కువైతే పోగు విడిపోతుంది, ఎక్కువైతే ముడుచుకుంటుంది. వెయ్యి మీటర్ల చిలప తూకం వేస్తే 100 గ్రాములు వచ్చింది, అంటే మెట్రిక్ లెక్కలో 10వ నంబరు. 50 గ్రాములకు దిగితే 20వ నంబరు. పొందూరు అక్కచెల్లెళ్లు వాలుగ చేప దవడతో దూది శుభ్రం చేసి వడికే సన్న నూలు ముందు మాది గోనెసంచి దారమే.

నేత నేర్పింది ఒక ముసలాయన, మగ్గం వదిలి చాలా ఏండ్లయింది. ఆయన మొదటే చెప్పాడు, మీ నూలు పడుగుకు నిలవదు అని. మేము వినలేదు. బియ్యపు గంజి పెట్టి, ఆరబెట్టి పడుగు వేశాం. పలకకు రాసుకొని అరజానెడు నేసేలోపే పోగులు తెగిపోయాయి. అతికి అతికి మూడు రోజులకు వదిలేశాం. తర్వాత పడుగు మిల్లు నూలు, పేక మా నూలు. ముప్పావు మీటరు వెడల్పు, మీటరున్నర పొడవు తువ్వాలుకు పేక దాదాపు 1100 మీటర్లు పట్టింది. గంటకు నూరు మీటర్లు వడికే చేతులతో పదకొండు గంటలు. ఇది వడకడం ఒక్కటే, గింజ తీసిందీ నేసిందీ వేరే.

అసలు గొడవ అప్పుడొచ్చింది. ఒక వ్యాపారి తువ్వాళ్లు చూసి ‘ఖద్దరు’ అని చీటీ కట్టి ఇవ్వండి, మంచి రేటు ఇస్తానన్నాడు. కొందరికి ఆశ పుట్టింది, అబద్ధం ఎందుకు, మాకే పుట్టింది. కట్టాల్సిన రెండు నెలల డబ్బు ఒక్కసారి తీరిపోతుంది కదా. అయితే ఖద్దరంటే పడుగూ పేకా రెండూ చేత్తో వడికినవి కావాల. పైగా 2013 నుంచి ఖాదీ మార్క్ నియమాలున్నాయి, ఆ గుర్తింపు లేకుండా ఆ పేరుతో అమ్మకూడదు. మీటింగు రాత్రి పదింటిదాకా సాగింది. చివరికి మాట్లాడింది ఎవరనుకున్నారు? సంతకం పెట్టని అక్కల్లో ఒకామె. ‘కాటా దగ్గర మన పత్తి తూకంలో మోసపోయిన రోజు ఎట్లుండె? మనం గూడ అదే చేద్దామా?’ అనింది. ఎవరమూ ఎదురు చెప్పలేదు. ‘పడుగు మిల్లు నూలు, పేక చేతి నూలు’ అని రాసి ఇస్తామన్నాం. ఆయన తీసుకోలేదు.

ఆ అక్క ఇప్పుడు వడుకుతోంది. మాలో అందరికన్నా సమంగా వస్తోంది ఆమె పోగు, 14వ నంబరుకు దిగింది. ఆమె నూలు వేరుగా దాస్తున్నాం. సంక్రాంతి తర్వాత పురి ఎక్కువ పెట్టి, గంజి చిక్కగా కాచి మళ్లీ పడుగు వేసి చూస్తాం. తెగితే తెగనీ.

తువ్వాళ్లు అదిగో, వెనక బల్ల మీద పెట్టినాం. భోజనాలకు పోయేముందు ముట్టుకొని చూడండి. అంచు పాము మెలికలు తిరిగింది మా మొదటిది, అది అవ్వకిచ్చేశాం, చూపించను అడిగి తెచ్చినాం. సాయంత్రం మళ్లీ ఆమెకివ్వాల.